ఖాసిం చదవని తీర్మానం

తెల్లబండ ఊరి చివర, మాచర్ల రోడ్డు మలుపు దగ్గర, గునపం దెబ్బకి సైకిల్ బాట మొదటి అంచురాయి పెళ్లగిలి పక్కకి ఒరిగిన చోట కిందటి వారం కథ ఆగింది. గనుల్లోకి పనికి పోతున్న జనం సైకిళ్లు దిగి అడ్డం నిలబడితే, తవ్వకం చేయిస్తున్న మేస్త్రీ జేబులోంచి కాగితం తీసి చూపించాడు. పంచాయతీ తీర్మానం. తొమ్మిది మంది మెంబర్లలో అయిదుగురు సంతకాలు పెట్టారు. నాలుగు సంతకాలు అందరూ అనుకున్నవే. అయిదోది షేక్ ఖాసిం పెట్టిన సంతకం అని తెలిసేసరికి జనం సైకిళ్లు ఊరి వైపు తిప్పారు.

ఖాసింకి ఊళ్లో సైకిల్ షాపు ఉంది. మూడేళ్ల కిందట, ఎనభై ఒకటి ఎన్నికల్లో, బాట జోలికి ఎవర్నీ రానివ్వనని ఇల్లిల్లూ తిరిగి ఓటడిగి గెలిచింది అతనే.

ఆ బాట సర్కారు వేసింది కాదు. ఆరేళ్ల కిందట బక్కయ్య అనే గని కూలీని పనికి పోతుండగా రాళ్ల లారీ వెనక నుంచి గుద్దేసింది. దినాలు అయిపోయాక గనివాళ్లు ఆదివారం ఆదివారం వచ్చి, రోడ్డు వార నాలుగడుగుల వెడల్పున ముళ్లకంప కొట్టేసి, రాతిచూర పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టారు. పనికిరావని గనిలో పడేసిన నాపరాళ్లు మోసుకొచ్చి అంచున నిలువునా పాతారు. ఊరి నుంచి గనుల దాకా రెండు మైళ్లు. ఆ తర్వాత ఆ దారిలో ఒక్క సైకిలు మనిషి కూడా లారీ కింద పడలేదు. ఖాసిం మెంబరయ్యాక, నాలుగు ఓట్లకి ఎదురు అయిదు ఓట్లతో, దాన్ని పంచాయతీ రోడ్ల రిజిస్టరులో ఎక్కించారు. అప్పటి నుంచి ఊరు ఒప్పుకోనిదే జిల్లా నుంచి ఎవరొచ్చినా బాట మీద చెయ్యి వెయ్యడానికి లేదు.

ఇప్పుడు ఊరే ఒప్పుకున్నట్టు కాగితం పుట్టింది.

మలుపు దగ్గర ఇదంతా జరుగుతున్న సోమవారం ఉదయం ఖాసిం షాపులో కూచుని రిమ్ముకి వంకర తీస్తున్నాడు. సంగతి అతనికి ఇంకా తెలియదు. పేలికతో చేతులు తుడుచుకుంటూ తలెత్తేసరికి షాపు ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. ఎవరూ పలకరించలేదు. ఒకతను లోపలికొచ్చి గోడకి ఆనించి ఉన్న తన సైకిలు తీసుకున్నాడు.

"దానికింకా బ్రేకు బిగించలా," అన్నాడు ఖాసిం.

"పర్లేదు," అని అతను నడిపించుకుపోయాడు.

రెండో అతని సైకిలుకి ముందు చక్రం ఊడదీసి ఉంది. చక్రం ఒక చేత్తో పట్టుకుని, ఫ్రేము భుజానికెత్తుకుని వెళ్లాడు. చైను లేని సైకిలు ఒకరు, గాలి లేని సైకిలు ఒకరు, అలా ఎవరిది వాళ్లు తీసుకుపోతుంటే ఖాసిం చేతిలో రిమ్ముతో చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి షాపులో అతని సొంత అద్దె సైకిళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.

చివర్లో చెన్నమ్మ వచ్చింది. బక్కయ్య భార్య. మొగుడు పోయాక అతని సైకిలు మీదే గనికి పనికి పోయేది. ఆడది మగ సైకిలు తొక్కడమేందని ఊరు నవ్విన రోజుల్లో, పై కడ్డీ కోయించి కిందికి వాల్చి అతికించి, సీటు దించి ఇచ్చింది ఖాసిం. ఇప్పుడు ఆమె చేతిలో మేస్త్రీ చూపించిన కాగితం ఉంది.

"భాయ్, ఇందులో ఏం రాశారో చదివి చెప్పు. నాకు చదువు రాదు గదా."

ఖాసిం కాగితం అందుకున్నాడు.

అతనికీ రాదు.

ఆ సంగతి తెల్లబండలో ఎవరికీ తెలియదని అతని నమ్మకం. ఎనిమిదో ఏట మాచర్లలో పంచర్ల షాపులో పనికి చేరాడు, బడి గడప తొక్కలేదు. మసీదులో విన్నవి నోటికి వచ్చు, అంతే. తన షాపు బోర్డు రాసిన పెయింటరు చేత పలక మీద పేరు రాయించుకుని, నెల రోజులు దొంగచాటుగా దిద్ది, అదొక్కటే రాయడం నేర్చుకున్నాడు. రోజూ షాపుకి పేపరు తెప్పిస్తాడు. ముందు తను కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిరగేసి, "పైకి చదువు, అందరూ వింటారు" అని ఎవరో ఒకరి చేతికి ఇస్తాడు. ఒకసారి విన్నది మర్చిపోడు. సాయంత్రానికి అదే వార్త తను చదివినట్టు పదిమందికి విడమరిచి చెప్తాడు. ఖాసిం భాయ్‌కి లోకజ్ఞానం ఉందని, కాగితాల సంగతి తెలుసని జనం ఓటేసింది అందుకే. నలభై ఆరేళ్లు వచ్చాయి. ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు కాగితంలో అతనికి తెలిసింది ఒక్కటే, అడుగున ఉన్న తన పేరు.

మూడు రోజుల కిందట, శుక్రవారం నమాజు అయ్యాక, పంచాయతీ ప్రెసిడెంటు అంకమ్మరావు ఇంటికి పిలిపించాడు. ఇద్దరు మెంబర్ల పక్కన కుర్చీ వేయించి, "బాట మన పంచాయతీ చేతిలోనే ఉండాలని తీర్మానం రాయించా ఖాసిం. జిల్లావోళ్లకి పంపాల. చూసుకుని సంతకం పెట్టు" అన్నాడు. చదివి వినిపించండి అనే మాట ఖాసిం గొంతు దాకా వచ్చి అక్కడే ఆగింది. కాగితం పట్టుకుని పైనుంచి కిందికి చూశాడు. మధ్యలో ఒకచోట వేలు ఆనించి, ఆలోచించినట్టు తల ఊపి, "బాగా రాశారండీ" అన్నాడు. సంతకం పెట్టాడు.

"జోడు ఇంటికాడ ఉంది," అన్నాడు చెన్నమ్మతో.

"జేబులోనే ఉంది గదా," అంది పక్కన టీకొట్టు మస్తానమ్మ. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. కనిపించింది, చెప్పింది.

ఖాసిం జోడు తీసి పెట్టుకున్నాడు. వేళ్ల గ్రీజు కాగితం అంచుకి అంటింది. పెదాలు కదిపాడు.

"సంతకం నీదేనా?" అంది చెన్నమ్మ.

"నాదే."

"చదివే పెట్టావా?"

లేదంటే చాలు. కానీ లేదంటే, ఎందుకు చదవలేదని అడుగుతారు. దానికి జవాబు ఒక్కటే. ఇరవై మంది చూస్తున్నారు.

"చదివే పెట్టా," అన్నాడు.

చెన్నమ్మ అతని మొహంలోకి చాలా సేపు చూసింది. "ఎంతిచ్చారు భాయ్?"

"అట్టా మాట్టాడబాక చెన్నమ్మా."

"మరెట్టా మాట్టాడాల? మేస్త్రీ చదివి చెప్పాడు, అందులో ఏముందో నాకు తెలుసు. నీ నోటితో విందామని తెచ్చా. బాట ఒక్కటే కాదంట. ఇకముందు రోడ్డు వార ఏం చెయ్యాలన్నా ఊరిని అడగబల్లేదంట. యాడనో కూచుని వాళ్లెట్టా గీస్తే అట్టానంట. రాళ్లు పీకితే మళ్లీ పాతుకుంటాం. అడిగే హక్కే రాసిచ్చినాక యాడికి పోయి అడగాల? మా ఆయన పోయిన రోజు అడగటానికి మాకు దిక్కు లేకపోబట్టే గదా, నీకు ఓటేసింది."

కాగితం అతని చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, రొంటిన దోపుకుని వెళ్లిపోయింది. మస్తానమ్మ రోజూ ఆ వేళకి అతనికి టీ పంపేది. ఆ రోజు పంపలేదు.

ఖాసిం షాపు తలుపులు వేసి అంకమ్మరావు ఇంటికి నడిచాడు.

అంకమ్మరావుకి నాలుగు లారీలున్నాయి. ఊళ్లో చెడ్డపేరు లేదు. వీధి కొళాయిలు వేయించింది ఆయనే. వసారాలో మంచం మీద కూచుని మజ్జిగ తాగుతున్నవాడు ఖాసింని చూసి లోటా కింద పెట్టాడు.

"ప్రెసిడెంటు గారూ, తమరు చెప్పింది ఒకటి, కాయితంలో రాయించింది ఇంకోటి."

"నీ చేతికే ఇచ్చా గదా ఖాసిం. చూసుకోమన్నా. చూసుకున్నావు. బాగా రాశారన్నావు."

ఖాసిం వసారా మెట్టు మీదే నిలబడ్డాడు.

"కూచో," అన్నాడు అంకమ్మరావు. గొంతు తగ్గించాడు. "నీకు చదువు రాదని నాకు తెలుసు. కిందటేడు పశువుల టీకాల నోటీసు నీ చేతికిచ్చి, వీధిలైట్ల సంగతి చూడమన్నా. నువ్వు జోడు పెట్టుకుని మొత్తం చూసి, లైట్లు చానా అవసరం అన్నావు. ఆ రోజు నుంచి ఇంట్లో మాట కూడా అనలా. నీ పరువు నా కాడ దాచి ఉంచా."

ఖాసిం చెవులు వేడెక్కాయి. ఆ నోటీసు గుర్తుంది. చివర్లో ఆవు బొమ్మ ఉండటం కూడా గుర్తుంది. బొమ్మ ఎందుకుందో అప్పుడు అర్థం కాలేదు.

"నాపరాతి పలకల ఫ్యాక్టరీ వస్తంది," అన్నాడు అంకమ్మరావు. "పెద్ద లారీలు తిరగాల. రోడ్డుకి ఆ నాలుగడుగులు కలవకపోతే వాళ్లు కారంపూడి వైపు పోతారు. రెండొందల మందికి పని. జనం సైకిళ్లు ఎన్నాళ్లు తొక్కుతారు? రేపు మోపెడ్లు కొంటారు. అప్పుడు నీ బాట గొర్రెలు తోలుకోటానికి పనికొస్తది."

"ఆ మాట మీటింగులోనే చెప్పొచ్చు గదండీ."

"చెబితే ఓడిపోయేవాణ్ణి." ఆ జవాబు చెప్పడానికి ఆయన ఏమీ తడుముకోలేదు. "సరే, ఇప్పుడు నీకు రెండు దార్లు. చదివే పెట్టానను. నెల రోజులు తిడతారు, మర్చిపోతారు. చదువు రాదను. చచ్చిందాకా నవ్వుతారు. కూతురు కాలేజీకి పోతంది నీకు. ఆలోచించుకో."

ఖాసింకి కోపం రావాలి. రాలేదు. పైగా మొదటి దారి వినగానే లోపల ఎక్కడో కాస్త తేలికపడింది. నెల రోజులే కదా అనిపించింది. గుమ్మం దిగి నాలుగడుగులు వేశాక ఆ తేలికదనం గుర్తొచ్చి, తన మీద తనకే రోత పుట్టింది. ఇల్లు చేరేదాకా ఎవరి మొహమూ చూడలేదు.

ఇంట్లో ఖైరున్నీసాకి అప్పటికే తెలిసింది. అన్నం వడ్డించింది. ఎదురుగా కూచుంది.

"నిజంగానే డబ్బు తీసుకున్నావా?"

"లేదే. నీ మీదొట్టు."

"మరి తెలిసి తెలిసి ఎందుకు పెట్టావు?"

ఖాసిం కంచంలో చెయ్యి ఉంచి కూచున్నాడు. ఆమె కాసేపు చూసి, ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్లిపోయింది. డబ్బు తీసుకున్నాడనే అనుకుంటోంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె అతన్ని ఆ చూపు చూడటం అదే మొదటిసారి.

సాబిరా ఆ రోజు కాలేజీకి వెళ్లలేదు. పదిహేడేళ్ల పిల్ల, మాచర్లలో ఇంటరు చదువుతోంది. వచ్చి తండ్రి పక్కన చాప మీద కూచుంది.

"అబ్బా, ఆ కాయితం నువ్వు చదవలేదు. నాకు తెలుసు."

ఖాసిం తల తిప్పలేదు.

"అయిదో క్లాసు నుంచీ తెలుసు. అర్ధసంవత్సరం పరీక్షల్లో రెండు సబ్జెక్టులు తప్పా. నిన్ను చూస్తే భయమేసి, క్లాసులో ఫస్టు వచ్చానని చెప్పి ప్రోగ్రెస్ రిపోర్టు ఇచ్చా. నువ్వు చూసి, తల ఊపి, సంతకం పెట్టావు. పెట్టి జిలేబీ తెప్పించి షాపుకాడ అందరికీ పంచావు." ఆమె చాప అంచు లాగుతూ ఉంది. "ఆ జిలేబీ నాకు దిగలా అబ్బా. ఆ తర్వాత నీకు ఒక్క అబద్ధం చెప్పలా. చెప్పటం చానా తేలిక, అందుకని."

ఆ జిలేబీ రోజు ఖాసింకి బాగా గుర్తు. బతుకులో గర్వంగా గుర్తు చేసుకునే రోజుల్లో అదొకటి. కూతురు ఏడేళ్లుగా ఆ రోజుని దాచుకుని సిగ్గుపడుతోందని అతనికి తెలియదు. తన అబద్ధం ఒక్క తన దగ్గరే ఆగి ఉందనుకున్నాడు ఇన్నాళ్లూ.

"మరి నాకెందుకు చెప్పలా?" అన్నాడు చివరికి.

"నేర్పమని నువ్వే అడుగుతావని చూశా."

ఖాసిం కంచం పక్కకి నెట్టాడు. తర్వాత సాబిరా కళ్లు తుడుచుకుంది. "పంచాయతీ గుమాస్తా ఆరోగ్యస్వామి గారిని అడిగొచ్చా. ఏం రాసుందో తెలవకుండా పెట్టిన సంతకం వారం లోపల వెనక్కి తీసుకోవచ్చంట. అయితే మీటింగులో అందరి ముందూ నోటితో చెప్పాలంట. ఎందుకు తెలవదో కూడా చెప్పాలంట. నాలుగింటికి మీటింగు ఉంది."

నాలుగింటికి పంచాయతీ ఆఫీసు ముందు సైకిళ్లు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. గదిలో మెంబర్లు, గుమ్మంలో, కిటికీల దగ్గర జనం. ఆడవాళ్లు ఒకవైపు. చెన్నమ్మ ముందుంది. వాళ్ల వెనక ఖైరున్నీసా, ముసుగు ముందుకి లాక్కుని, తల వంచుకుని నిలబడి ఉంది. అంకమ్మరావు పెద్ద కుర్చీలో కూచున్నాడు. ఖాసిం లోపలికి వస్తుంటే దారి ఇచ్చారు గానీ, ఎవరి భుజం అతనికి తగల్లేదు.

అతను నిలబడ్డాడు. అనుకుని వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు లేవు.

"శుక్రవారం నేను సంతకం పెట్టిన కాయితంలో ఏముందో నాకు తెలవదు."

"చేతికిచ్చి చూసుకోమంటిమి గదా," అన్నాడు ఆ రోజు పక్కన కూచున్న మెంబరు. "ఎందుకు తెలవదు?"

ఖాసిం బల్ల అంచు పట్టుకున్నాడు.

"చదవటం రాదు," అన్నాడు. గొంతు తనకే వినపడలేదు. మళ్లీ అన్నాడు. "నాకు చదవటం రాదు. ఎప్పుడూ రాదు. బడికి పోలా. పేపర్లో చదివినట్టు మీకు చెప్పినవన్నీ ఎవరో చదువుతుంటే విన్నయ్యే. పొద్దున చెన్నమ్మ అడిగితే చదివే పెట్టానన్నా. అదీ అబద్ధమే. డబ్బు తీసుకున్నాడని మీరనుకున్నా సరే గానీ, చదువు రాదని మాత్రం మీకు తెలవకూడదనుకున్నా. దొంగననిపించుకోటానికైనా ఒప్పుకున్నా గానీ దీనికి ఒప్పుకోలేకపోయా. ఆ సంతకం వెనక్కి తీసుకుంటన్నా."

వెనక ఎవరో నవ్వబోయి మధ్యలో ఆగారు. ఖాసిం ఆడవాళ్ల వైపు చూడలేదు. చూస్తే భార్య కళ్లు కనపడతాయి.

చెన్నమ్మ మాట్లాడింది. "నాకూ రాదు భాయ్. ఈడున్నోళ్లలో సగం మందికి రాదు. మేం వేలిముద్ర ఏస్తాం. ఏసే ముందు, ఇందులో ఏముందయ్యా అని అడుగుతాం. రాకపోవటం నీ తప్పు కాదు. వచ్చినట్టు తలాడించావు చూడు, అది మా రాళ్లు పీకింది."

క్షమించానని ఆమె అనలేదు. అతనూ అడగలేదు. 

ఆరోగ్యస్వామి రిజిస్టరులో రాసి, రాసింది పైకి చదివాడు. షేక్ ఖాసిం తన సంతకం ఉపసంహరించుకున్నందున తీర్మానానికి అనుకూలంగా నాలుగు సంతకాలే మిగిలాయి. తీర్మానం చెల్లదు. ఆ మాట బయటికి పాకింది. గుమ్మంలో నలుగురు అప్పుడే సైకిళ్లు తీస్తున్నారు, పడగొట్టిన రాళ్లు చీకటి పడకముందే మళ్లీ పాతడానికి. ఖాసిం కుర్చీలో కూలబడ్డాడు. ఊపిరి మాత్రం, పొద్దుటి నుంచి మొదటిసారి, నిండుగా తీసుకోగలిగాడు.

అంకమ్మరావు అందరూ సర్దుకునేదాకా ఆగాడు. తర్వాత చొక్కా జేబులోంచి పాతబడిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచాడు.

"ఇది ఖాసిం నామినేషను ఫారం. ఎన్నికలప్పటిది. చదువు దగ్గర అయిదో తరగతి పాసు అని రాసుంది. బడికే పోలేదని ఇప్పుడు తన నోటితోనే చెప్పాడు, మీరంతా విన్నారు. ఫారంలో అబద్ధం రాసినోడు మెంబరెట్టా అయితాడు? మెంబరే కానోడి ఓటు ఓటెట్టా అయితది? సైకిల్ బాటని రిజిస్టరులో ఎక్కించింది అయిదు ఓట్లతో. అందులో ఒకటి ఖాసిం ఓటు. అది తీసేస్తే ఆ బాట ఏ రోజూ పంచాయతీ బాట కాదు. తీర్మానంతో కూడా పన్లేదు."

సైకిళ్లు తీసినవాళ్లు వాటిని పట్టుకుని అక్కడే నిలబడ్డారు.

"ఆ ఫారం నేను రాయలా..." అని మొదలుపెట్టి ఖాసిం ఆగిపోయాడు. ఎవరు రాశారో గుర్తొచ్చింది. ఇంట్లో చాప మీద బోర్లా పడుకుని, నాలుక కొస బయటపెట్టి, గడులు నింపిన పద్నాలుగేళ్ల పిల్ల.

"నువ్వు రాయలా. నీకు రాదు గదా," అన్నాడు అంకమ్మరావు. "మరి ఎవరు రాశారు?"

"నేను చెప్పే రాయించా. తప్పు నాది."

"ఎవరి చేత?"

ఖాసిం ఇంకొక అబద్ధం వెతుక్కుంటున్నాడు, ఈసారి తన కోసం కాదు. ఒక్కటీ దొరకలేదు. ఈలోపు గుమ్మం దగ్గర ఆడవాళ్లు పక్కకి జరిగారు. సాబిరా లోపలికి వచ్చి నేరుగా బల్ల దగ్గరికి నడిచింది.

"నేను రాశా," అంది. వంగి, ఫారం చేతిలోకి తీసుకోకుండానే, పైనుంచి కిందికి నెమ్మదిగా చదివింది. ఒకచోట వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే ఉంచి తండ్రి వైపు చూసింది.

"పేరు, వయసు, వార్డు నంబరు నేను రాసినయ్యే. చదువు దగ్గర మాత్రం ఏం రాయాలో తెలవక గడి ఖాళీగా వదిలేశా అబ్బా. ఈ అయిదో తరగతి నా రాత కాదు."

ఖాసింకి రాతలు పోల్చడం రాదు. మనుషుల్ని పోల్చడం వస్తుంది. నామినేషను రోజు ఆ ఫారం తను ఎవరి చేతికి ఇచ్చాడో తలచుకుని, బల్ల చివర కూచున్న గుమాస్తా వైపు చూశాడు. ఆరోగ్యస్వామి కలానికి మూత పెట్టాడు. రిజిస్టరు మూశాడు. మూసిన రిజిస్టరు మీద రెండు చేతులూ ఆనించి, మెల్లగా తల దించుకున్నాడు. అలా తల దించుకోవడం ఎలాంటిదో ఆ గదిలో ఖాసింకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.